గండభేరుండము నీడను తెలుగు విద్వాంసులు
(మైసూరు విశ్వవిద్యాలయ ముద్రా సంప్రదాయము)

విశ్వవిద్యాలయమునకు భవనములు, గ్రంథాలయము, ఆచార్యులు ఎట్లో, ముద్రయు నట్లే యొక యంగము. పట్టభద్రుడు చేత పట్టుకొని ఇంటికి వచ్చు యోగ్యతాపత్రముపై మొదట కన్నులకు కనబడునది యదియే. విదేశములందలి విశ్వవిద్యాలయములు పెక్కు తమ క్రీడాకారుల జట్లకు ఒక జంతువునో, పక్షినో గుర్తుగా నెన్నుకొని, దానిచుట్టు కథలను, వేడుకలను పెంచుకొన్నవి. మన దేశమున అట్టి గౌరవము సాధారణముగా ముద్రయందలి ప్రాణికే దక్కినది. మైసూరు విశ్వవిద్యాలయ ముద్రలోని రెండు తలల పక్షి, గండభేరుండము, అట్టి ప్రాణి.

కర్ణాటకమున తరతరములుగా స్థిరపడిన తెలుగు కుటుంబముల బిడ్డలెందరో ఆ ముద్ర గల పత్రములను పొందిరి. ఆ పక్షి యెవ్వరిదన్న ప్రశ్నకు మనవారిలో రెండు విధములైన సమాధానములు వినవచ్చుచుండును. విజయనగర ప్రభువుల నాణెములపై నుండెను గావున అది మనదే యని కొందరు. కన్నడ రాజుల చిహ్నమునకును మనకును సంబంధమేమి యని మరికొందరు. చరిత్రను పరిశీలించిన ఈ రెండును నిలువవు.

గండభేరుండమునకు ఉనికి పురాతనమైనది. శివమొగ్గ జిల్లాలోని బళ్ళిగావెయందు పశ్చిమ చాళుక్యుల కాలమున, 1047లో, నిలిపిన స్తంభముపై మానవదేహమును, రెండు పక్షిశిరస్సులును గల గండభేరుండమూర్తి కలదు. శ్రీకృష్ణదేవరాయల తమ్ముడును, 1529 నుండి 1542 వరకు విజయనగరమును పాలించినవాడును అగు అచ్యుతదేవరాయలు తన బంగారు నాణెములపై ఈ పక్షినే ముద్రింపించెను. అందది ముక్కులతోను, గోళ్ళతోను ఏనుగులను పట్టుకొని యుండును. పిమ్మట మైసూరు ఒడెయరులు దానిని తమ రాజచిహ్నముగా గ్రహించిరి. ఇట్లు ఆ పక్షి ఒక రాజ్యమునుండి మరియొక రాజ్యమునకు ఎగురుచు వచ్చినదే కాని, ఏ యొక్క వంశమునకును, ఏ యొక్క భాషకును కట్టుబడి యుండలేదు.

దీనిని గూర్చిన కథయు ప్రసిద్ధమే. హిరణ్యకశిపుని వధానంతరము నరసింహుని యుగ్రత శమింపకుండగా, శివుడు శరభరూపమున వచ్చెననియు, అంతట నరసింహుడు గండభేరుండమై శరభము నెదిర్చెననియు వైష్ణవులు చెప్పుదురు. శైవులు జయమును శరభమునకే యిత్తురు. విశ్వవిద్యాలయ ముద్రలో నడుమ గండభేరుండమును, దానికి ఇరుప్రక్కల సింహగజాకృతి గల శరభములును, పైన సింహమును కలవు. కథలో పోరాడిన ప్రాణులు ముద్రలో ఒకదానికొకటి కాపుగా నిలిచినవి. విద్యాస్థానమునకు ఇంతకంటె తగిన చిత్రము దొరకుట యరిది.

మైసూరు విశ్వవిద్యాలయము 1916వ సంవత్సరము జూలై 27వ తేదీన స్థాపింపబడినది. ఆంగ్లేయుల ప్రత్యక్షపాలనకు వెలుపల, స్వదేశ సంస్థానమున వెలసిన తొలి విశ్వవిద్యాలయ మిదియే. అంతకుముందు మైసూరు మహారాజా కళాశాలయు, బెంగుళూరు సెంట్రల్ కళాశాలయు మదరాసు విశ్వవిద్యాలయమునకు లోబడి యుండెడివి. నాలుగవ కృష్ణరాజ ఒడెయరు స్థాపకులు, హెచ్. వి. నంజుండయ్యగారు మొదటి ఉపాధ్యక్షులు. నాటి దివాను విశ్వేశ్వరయ్యగారు. వారి ఇంటిపేరైన మోక్షగుండము తెలుగు దేశమందలి గ్రామము. పూర్వులు అచ్చటినుండి వలస వచ్చినవారు. మహారాజు తన వంశచిహ్నమునే విశ్వవిద్యాలయమునకు ప్రసాదించెను. సత్యమునే నేను ఉద్ధరింతునను రాజవాక్యమును, జ్ఞానముతో సమానమైనది లేదను గీతాభావమును దానికి తోడైనవి.

ఆ ముద్ర నీడను పనిచేసిన తెలుగువారిలో కట్టమంచి రామలింగారెడ్డిగారు ముందు స్మరింపదగినవారు. వారు మహారాజా కళాశాలలో ఆచార్యులై, ప్రధానాధ్యాపకులై, తుదకు సంస్థాన విద్యాశాఖకు పెద్దలైరి. వారి ప్రోత్సాహమున 1912లో రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మగారు ఆ కళాశాలలో తెలుగు బోధింప ప్రారంభించి, 1949 వరకు ఆ పీఠమును వీడలేదు. కన్నడ ప్రభువు కళాశాలలో తెలుగునకు ముప్పదియేడేండ్లు ఒకే గురువు దీపము పట్టెను.

1918లో సర్వేపల్లి రాధాకృష్ణన్‌గారు తత్త్వశాస్త్రాచార్యులుగా వచ్చిరి. 1921లో వారు కలకత్తాకు తరలునాడు విద్యార్థులు బండిని పూలతో నలంకరించి, గుఱ్ఱములను విప్పి, తామే లాగుచు రైలునిలయమువరకు కొనిపోయిరి. విశ్వవిద్యాలయ గాథలలో నేటికిని చెప్పుకొనబడు ఘట్టమిది. ముద్రను రాజు ఈయగలడు. ఇట్టి సంప్రదాయమును మాత్రము విద్యార్థులే సృజింపవలయును. ఆ బండిని లాగిన యువకులు తమ గురువుగారి మాతృభాష యేదని విచారింపలేదు.

1926లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు ఏర్పడగా రెడ్డిగారే దానికి తొలి ఉపాధ్యక్షులైరి. అచ్చట అరువు తెచ్చుకొనుటకు రాజచిహ్నము లేదు. వారి సూచనానుసారము చిత్రకారుడు కౌతా రామమోహనశాస్త్రిగారు క్రొత్త ముద్రను రచించిరి. అందు ఉదయసూర్యుడు విశ్వవిద్యాలయమునకును, కిరణములు వివిధ విద్యాశాఖలకును గుర్తులు. పద్మము లక్ష్మీసరస్వతుల ఆసనము, స్వస్తికము మంగళసూచకము, రెండు సర్పములు జ్ఞానమును వెదకువారికిని, కాపాడువారికిని సంకేతములు. మైసూరున వంశగౌరవము విద్యకు అండయైనది. ఆంధ్రమున విద్యయే తన చిహ్నమును తాను కల్పించుకొన్నది. రెండు పద్ధతులను ఎఱిగినవారు రెడ్డిగారు.

ఈ రెండు విద్యాపీఠముల నడుమ రాకపోకలు అంతటితో నాగలేదు. 1928లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు పక్షమున వేమనను గూర్చి ఉపన్యసించినవారు మైసూరు తెలుగు పండితులైన రాళ్ళపల్లివారే. 1931లో రెడ్డిగారి తరువాత ఆ పరిషత్తునకు ఉపాధ్యక్షులైనవారు, పూలబండిలో మైసూరును వీడిన రాధాకృష్ణన్‌గారే. వేమనకు సముచితమైన విమర్శ మైసూరు తరగతి గదినుండి వచ్చినదని తెలుగుదేశము మరువరాదు. ఆ తరగతి గదిని కన్నడ సంస్థానము పోషించినదని మనము మరువరాదు.

కావున గండభేరుండము మనదే యని వాదించుట యనుచితము. మనకు పరాయిదనుట కృతఘ్నత. రాజ్యములు పోయినను ఆ పక్షి నేడు కర్ణాటక రాష్ట్ర చిహ్నమందును నిలిచియున్నది. దాని నిలుకడకు మన యభిమానముతో పని లేదు. మన యభిమానముతో పనిగలది రాళ్ళపల్లివారు బోధించిన ఆ తెలుగు తరగతి. గురుపీఠమును ప్రభువులు నెలకొల్పగలరు. ఎదుటి బల్లలను నింపవలసినవారు తల్లిదండ్రులు. ఇంట తెలుగు మాటలాడుచు, బడిలో దానిని వ్రాయనేర్వని బిడ్డకు ఆ పూర్వుల కథ పేరులుగా మాత్రమే మిగులును. ఇంట మాటలాడు భాషను బడిలోను నేర్చిన బిడ్డకో, కన్నడ పక్షి ముద్రగల పత్రమును తెలుగు పద్యమును రెండు చేతుల పట్టుకొన్న ఆ పెద్దలు తన యింటివారుగనే తోతురు.