ఐరోపాలో ఉద్యోగాన్వేషణ: ప్రవాస తెలుగు కుటుంబాలు తెలుసుకోవలసిన నిబంధనలు

ఖరగ్‌పూర్ (పశ్చిమ బెంగాల్): బెంగాల్ నాగపూర్ రైల్వే కాలంలో ఉత్తరాంధ్ర జిల్లాల నుంచి ఉపాధి కోసం ఖరగ్‌పూర్ చేరిన తెలుగు కుటుంబాలు నేడు మరో వలసకు సిద్ధమవుతున్నాయి. రైల్వే విభాగం పేరే పేటకు పేరుగా నిలిచిన ట్రాఫిక్, దాని పొరుగున ఉన్న మథురాకాటి, నింపురా వంటి ప్రాంతాలలో మూడు నాలుగు తరాలుగా తెలుగువారు నివసిస్తున్నారు. పట్టణ పరిధిలో తెలుగుకు అధికార భాష హోదా కల్పిస్తూ పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం 2020 డిసెంబరులో నిర్ణయం తీసుకుంది. తాతలకు వర్క్‌షాపు ఎంతటి ఆశ్రయమో, ఇంజినీరింగ్ లేదా ఐటీఐ పూర్తిచేసిన మనుమలకు జర్మనీ, ఆస్ట్రియా, పోర్చుగల్ వంటి దేశాలు అంతటి ఆశగా కనిపిస్తున్నాయి. అయితే పుట్టిన రాష్ట్రం ఒకటి, చదివిన రాష్ట్రం మరొకటి, ఇంటి భాష వేరొకటి అయిన ఇటువంటి కుటుంబాలకు దరఖాస్తులో అదనపు చిక్కులు ఎదురవుతాయి. భిలాయ్, జంషెడ్‌పూర్, ముంబయి, సూరత్ నగరాలలోని తెలుగువారికీ ఇవి వర్తిస్తాయి.

ఉద్యోగం చేతికి అందిన తరువాత వెళ్లే మార్గం

ఐరోపా అంతటికీ ఒకే ఉద్యోగ వీసా లేదు. షెంగెన్ పర్యాటక వీసాతో 180 రోజుల వ్యవధిలో గరిష్ఠంగా 90 రోజులు ఉండవచ్చు. ఆ వీసాపై ఉద్యోగం చేయడానికి అనుమతి లేదు. పర్యాటక వీసాపై వెళ్లి అక్కడే పని చూసుకోవచ్చునని ఎవరైనా చెబితే అది తప్పుడు మాటగా భావించాలి.

ఉన్నత విద్యావంతులకు ప్రధాన మార్గం ఈయూ బ్లూ కార్డు. 2009లో ప్రారంభమైన ఈ పథకాన్ని 2021లో సవరించారు. 27 సభ్య దేశాలలో డెన్మార్క్, ఐర్లాండ్ మినహా తక్కిన 25 దేశాలు దీనిని అమలు చేస్తున్నాయి. కనీసం 6 నెలల ఉద్యోగ ఒప్పందం, ఆయా దేశం నిర్ణయించిన కనీస వేతనార్హత ఉండాలి. జర్మనీలో 2025 సంవత్సరానికి ఈ పరిమితి ఏడాదికి 48,300 యూరోలు. నిపుణుల కొరత ఉన్న వృత్తులకు కొంత తక్కువ. ఏటా ఈ అంకె మారుతుంది. ఐటీ రంగంలో డిగ్రీ లేకపోయినా గడచిన 7 సంవత్సరాలలో 3 సంవత్సరాల తగిన అనుభవం ఉన్నవారిని పరిగణనలోకి తీసుకునే వెసులుబాటు సవరించిన నిబంధనలలో ఉంది.

ఉద్యోగం వెతుక్కోవడానికి వెళ్లే మార్గం

చేతిలో ఉద్యోగం లేకుండానే చట్టబద్ధంగా వెళ్లి వెతుక్కునే అవకాశాన్ని కొన్ని దేశాలు మాత్రమే ఇస్తున్నాయి. ఆస్ట్రియా అత్యున్నత అర్హతలు గలవారికి 6 నెలల ఉద్యోగాన్వేషణ వీసా ఇస్తుంది. పోర్చుగల్ 2022లో ఇటువంటి వీసాను ప్రవేశపెట్టినా, ఆ తరువాత నిబంధనలను కఠినతరం చేసింది.

వీటిలో ఐటీఐ అభ్యర్థులకూ తలుపు తెరిచినది జర్మనీ. 2024 జూన్ 1 నుంచి అమలులోకి వచ్చిన ‘షాన్సెన్‌కార్టె’, అనగా అవకాశ కార్డు, గరిష్ఠంగా ఒక సంవత్సరం చెల్లుతుంది. ఈ కాలంలో వారానికి 20 గంటల వరకు పార్ట్‌టైమ్ పని, ఒక్కో సంస్థలో రెండు వారాల వరకు ప్రయోగాత్మక పని చేయవచ్చు.

దీనికి తొలి అర్హత, స్వదేశంలో ప్రభుత్వ గుర్తింపు పొందిన డిగ్రీ లేదా కనీసం 2 సంవత్సరాల వృత్తి శిక్షణ. ఇక్కడే చాలామంది పొరబడుతున్నారు. ఫిట్టర్, టర్నర్, మెషినిస్ట్, ఎలక్ట్రీషియన్ ట్రేడులు రెండేళ్లవి కాగా, వెల్డర్ ట్రేడు ఒక సంవత్సరానిదే. చేతిలో ఎంత పనితనం ఉన్నా, ఒక్క వెల్డర్ సర్టిఫికెట్‌తో ఈ అర్హత నెరవేరదు. వృత్తి శిక్షణ గలవారు తమ సర్టిఫికెట్ విషయమై జర్మనీలోని విదేశీ విద్యార్హతల కేంద్ర కార్యాలయం నుంచి ముందుగానే ధ్రువీకరణ పొందాలి.

దీనితో పాటు జర్మన్‌లో ఏ1 లేదా ఆంగ్లంలో బీ2 స్థాయి ఉండాలి. ఆపై పాయింట్ల పట్టికలో కనీసం 6 సాధించాలి. ముఖ్యమైన పాయింట్లు ఇవి:

- 35 ఏళ్ల లోపు వయస్సుకు 2. 35 నుంచి 40 వరకు 1.
- గడచిన 5 సంవత్సరాలలో 2 సంవత్సరాల అనుభవానికి 2. గడచిన 7 సంవత్సరాలలో 5 సంవత్సరాల అనుభవానికి 3.
- జర్మన్ ఏ2 స్థాయికి 1, బీ1కు 2, బీ2కు 3. ఆంగ్లం సీ1కు 1.
- జర్మనీ తమ అర్హతను పాక్షికంగా గుర్తించినట్లయితే 4.

ఉదాహరణకు, 30 ఏళ్ల వయస్సు, 5 సంవత్సరాల అనుభవం గల ఫిట్టర్ జర్మన్ ఏ2 పూర్తిచేస్తే 2, 3, 1 కలిపి సరిగ్గా 6 పాయింట్లు వస్తాయి. అనుభవం రెండేళ్లే ఉన్నవారు బీ1 వరకు చదవవలసి ఉంటుంది. అనుభవం తాము నేర్చిన వృత్తికి సంబంధించినదై, శిక్షణ పూర్తయిన తరువాత పొందినదై ఉండాలి. అందువల్ల అప్రెంటిస్‌షిప్ కాలాన్ని అనుభవంగా లెక్కించుకోరాదు.

పోషణకు తగిన సొమ్ము చూపడం అన్నిటికన్నా బరువైన షరతు. 2025 లెక్క ప్రకారం నెలకు 1,091 యూరోల చొప్పున, ఒక సంవత్సరానికి 13,092 యూరోలు ప్రత్యేక ఖాతాలో జమచేయాలి. ఇది మన రూపాయలలో పన్నెండు లక్షలకు పైమాటే. పార్ట్‌టైమ్ ఉద్యోగ ఒప్పందంతోనో, జర్మనీలో నివసించే వ్యక్తి ఇచ్చే అధికారిక హామీపత్రంతోనో కూడా ఈ షరతును నెరవేర్చవచ్చు. కార్డు ఉద్యోగానికి హామీ కాదు. తండ్రి పదవీ విరమణ సొమ్మును దీనికి మళ్లించే ముందు, ఏడాదిలోగా తగిన ఉద్యోగం దొరకకుంటే తిరిగి రావలసి ఉంటుందన్న వాస్తవాన్ని కుటుంబమంతా గుర్తించాలి.

పేరు ఒక్కటే, అక్షరక్రమాలు మూడు

పత్రాలలో పేర్ల తేడా ప్రవాస తెలుగువారికి ప్రత్యేకమైన సమస్య. తెలుగు సంప్రదాయంలో ఇంటిపేరు ముందు వస్తుంది; తరచుగా పొడి అక్షరంగా మిగులుతుంది. బెంగాల్ కార్యాలయాలలో పేరు చివర ఉన్న రావు, కుమార్, లక్ష్మి వంటి మాటలనే ఇంటిపేరుగా నమోదు చేయడం పరిపాటి.

లిప్యంతరీకరణ మరో చిక్కు. ఆంగ్ల లిపిలో ‘త’ అక్షరానికి తెలుగువారు టీ పక్కన హెచ్ చేర్చి వ్రాస్తారు. బెంగాల్‌లో హెచ్ వ్రాయరు. లత, జ్యోతి వంటి పేర్లు ఆంధ్రలో జారీ అయిన పత్రంలో ఒక విధంగా, బెంగాల్ పాఠశాల పత్రంలో మరొక విధంగా ఉండటానికి కారణమిదే. బెంగాలీలో ‘వ’ ధ్వనికి ప్రత్యేకాక్షరం లేనందున వేంకట అన్న పేరు ‘భేంకట’ అవుతుంది. దానిని తిరిగి ఆంగ్లంలోకి మార్చినప్పుడు మూడో రూపం పుడుతుంది. మనకు ఇది సహజమే కావచ్చు. విదేశీ అధికారికి మాత్రం వారు ముగ్గురు వేర్వేరు వ్యక్తులు. పాస్‌పోర్టులోని రూపాన్ని ప్రమాణంగా తీసుకుని, జనన ధ్రువీకరణ, పదో తరగతి, డిగ్రీ పత్రాలను దానితో సరిపోల్చుకుని, అవసరమైన సవరణలను వీసా దరఖాస్తుకు ముందే చేయించుకోవాలి.

పత్రాల ధ్రువీకరణ

భారత్ 2005 నుంచి హేగ్ అపోస్టిల్ ఒప్పందంలో భాగస్వామి. విదేశాంగ శాఖ ఇచ్చే అపోస్టిల్ ముద్రకు ముందు, సాధారణ పద్ధతిలో పత్రం జారీ అయిన రాష్ట్రంలోనే తొలి ధ్రువీకరణ జరగాలి. ఖరగ్‌పూర్‌లో పదో తరగతి, విశాఖపట్నంలో డిగ్రీ చదివినవారు ఒక పత్రానికి బెంగాల్‌లో, మరొక దానికి ఆంధ్రప్రదేశ్‌లో తిరగవలసి వస్తుంది. ఇందుకు తగిన సమయం కేటాయించుకోవాలి. పత్రం అసలుదేనని మాత్రమే అపోస్టిల్ చెబుతుంది. చదువు సమానమైనదా కాదా అన్నది ఆ దేశపు గుర్తింపు సంస్థ తేలుస్తుంది.

వీసా దరఖాస్తు ప్రస్తుత నివాసాన్ని బట్టి ఉంటుంది, స్వస్థలాన్ని బట్టి కాదు. పశ్చిమ బెంగాల్ నివాసులు జర్మనీ వీసాకు కోల్‌కతా కాన్సులేట్ పరిధిలోకి వస్తారు. జర్మన్ భాషా తరగతులు, పరీక్షలు అదే నగరంలోని మాక్స్‌ముల్లర్ భవన్‌లో అందుబాటులో ఉన్నాయి.

ఏజెంట్ల విషయంలో జాగ్రత్త

1983 వలస చట్టం ప్రకారం విదేశీ ఉద్యోగాలకు నియామకాలు జరిపే ఏజెంట్లు విదేశాంగ శాఖ వద్ద నమోదై ఉండాలి. వారు అభ్యర్థి నుంచి వసూలు చేయదగిన సేవా రుసుము గరిష్ఠంగా 30,000 రూపాయలు, దానిపై జీఎస్టీ. నమోదైన ఏజెంట్ల జాబితా ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్‌లో ఉంటుంది.

పదో తరగతి చదవనివారికి వలస అనుమతి తప్పనిసరి చేసిన దేశాల జాబితాలో ఐరోపా సమాఖ్య దేశాలేవీ లేవు. గల్ఫ్ వెళ్లే కార్మికుడికి జరిగే ఆ తనిఖీ ఐరోపా వెళ్లేవారికి జరగదు కనుక, మోసాన్ని పసిగట్టే బాధ్యత అభ్యర్థిపైనే పడుతుంది. ఉద్యోగాల పేరుతో రష్యాకు తరలిన భారతీయులు యుద్ధరంగానికి చేరిన ఉదంతం 2024లో వెలుగుచూసింది. హైదరాబాద్‌కు చెందిన యువకుడు అక్కడ ప్రాణాలు కోల్పోయాడు. ఒప్పందంలో యజమాని పేరు, పని, వేతనం, పనిచేసే నగరం స్పష్టంగా లేకపోయినా, ఒక దేశం పేరు చెప్పి మరొక దేశపు వీసా చేతికిచ్చినా ప్రయాణం మానుకోవాలి.

నైపుణ్యం గల భారతీయులకు ఏటా ఇచ్చే వీసాలను 20,000 నుంచి 90,000కు పెంచనున్నట్లు జర్మనీ 2024 అక్టోబరులో ప్రకటించింది. అవకాశాలు పెరిగినకొద్దీ దళారుల ప్రకటనలూ పెరుగుతాయి. సందేహాలకు ప్రవాసీ భారతీయ సహాయత కేంద్రం టోల్‌ఫ్రీ నంబరు 1800 11 3090ను, విదేశాలలో ఇబ్బంది ఎదురైతే విదేశాంగ శాఖ ‘మదద్’ వెబ్‌సైట్‌ను ఆశ్రయించవచ్చు. వేతన పరిమితులు, పోషణ మొత్తాలు ఏటా మారుతున్నందున, దరఖాస్తు చేసే నాటికి సంబంధిత రాయబార కార్యాలయ వెబ్‌సైట్‌లోని అంకెలనే ప్రమాణంగా తీసుకోవాలి.