పడవ చేరని మెట్ట: గ్రంథాలయోద్యమం, గ్రంథపాలక వృత్తి - పశ్చిమ ప్రకాశం నుంచి ఒక పరిశీలన

ఆంధ్ర గ్రంథాలయోద్యమ చరిత్రను 1914 ఏప్రిల్ 10న బెజవాడలో జరిగిన ప్రతినిధుల మహాసభతో ప్రారంభించడం పరిశోధకుల్లో ఆనవాయితీ. అయ్యంకి వెంకటరమణయ్య కార్యదక్షత, 1918లో వేటపాలెంలో వెలసిన సారస్వత నికేతనం, 1935లో పాతూరి నాగభూషణం నడిపిన పడవ గ్రంథాలయం తప్పక ప్రస్తావనకు వస్తాయి. ఇవన్నీ డెల్టాకు, తీరానికి చెందిన ఉదాహరణలే. నల్లమల అంచున ఉన్న అర్ధవీడు వైపు నుంచి చూస్తే ఈ చరిత్ర మరో విధంగా కనిపిస్తుంది.

పడవ నడవాలంటే కాలువ ఉండాలి. గ్రంథాలయం నిలవాలంటే చందా ఇవ్వగల రైతు, తీరిక గల చదువరి ఉండాలి. కంభం చెరువు ఆయకట్టు వంటి కొన్ని చోట్లను మినహాయిస్తే ఈ ప్రాంతం అధికభాగం వర్షాధారమైన మెట్ట. ఇక్కడ ఉద్యమం బలహీనపడటానికి అభిరుచి లోపాన్ని కారణంగా చూపడం సరికాదు.

ఉద్యమకాలపు గ్రంథపాలకుడు ప్రధానంగా స్వచ్ఛంద సేవకుడు. 1920లోనే బెజవాడలో శిక్షణ తరగతులు జరిగాయి. కాని శిక్షణ పొందినవారికి పల్లెలో జీతమిచ్చేదెవరు? ఎస్.ఆర్. రంగనాథన్ కృషితో వచ్చిన 1948 మద్రాసు పౌర గ్రంథాలయాల చట్టం దీనికి సమాధానం వెతికింది. ఆస్తిపన్నుపై సెస్సు విధించి, జిల్లా స్థాయిలో గ్రంథాలయ సంస్థలను ఏర్పరచింది. మార్కాపురం, గిద్దలూరు ప్రాంతాలు అప్పుడు కర్నూలు జిల్లాలో ఉండేవి. 1970లో కొత్త జిల్లాలో చేరి ఒంగోలు పరిధిలోకి వచ్చాయి. ఈలోగా 1960లో ఆంధ్రప్రదేశ్ చట్టం వచ్చింది.

సెస్సు ఇంటిపన్నును అనుసరిస్తుంది కనుక చిన్న ఇళ్ల ఊరు సమకూర్చేది స్వల్పమే. అయితే నిధి జిల్లా మొత్తానికి ఉమ్మడిది. పట్టణంలో వసూలైన పైకం మెట్ట పల్లెలో పుస్తకంగా మారే అవకాశం చట్టంలోనే ఉంది. నా దృష్టిలో పడవ గ్రంథాలయం కన్నా ఇదే పెద్ద ఆలోచన. మన చరిత్రలు మాత్రం పడవనే ఎక్కువగా స్మరిస్తాయి. వసూలు చేసిన సెస్సును స్థానిక సంస్థలు సకాలంలో జమచేయకపోతే ఈ అవకాశం కాగితానికే పరిమితమవుతుంది.

వృత్తి విషయంలోనూ ఇటువంటి అంతరమే ఉంది. యూజీసీ వేతనశ్రేణులు కళాశాల గ్రంథపాలకుని అధ్యాపకుని సరసన నిలిపాయి. శాఖా గ్రంథాలయ నిర్వాహకునికి ఆ హోదా లేదు. పుస్తకాలు కొనుక్కోలేక, పోటీపరీక్షల కోసం ఉదయం నుంచి తలుపు దగ్గర వేచి ఉండే పల్లె యువతకు గ్రంథాలయమంటే ఆ నిర్వాహకుడే.