దొర అనే మాట

మైదానంలో దొర ఒక్కడే. ఊరికో తాలూకాకో పైన కూర్చున్నవాడు. అనంతగిరి కొండల మీద మాత్రం అది ఒక జనం పేరు. కొండదొరలు, నూకదొరలు, ముఖదొరలు: పోడు కొట్టుకుని సామలూ చోళ్లూ పండించుకునేవాళ్లు. వీళ్లలో కొండదొరల సొంత నుడి కూబి. దానికి భద్రిరాజు కృష్ణమూర్తిగారు రాసిన వ్యాకరణం 1969లో వెలువడింది.

తమిళంలో తురై, కన్నడంలో దొరె. అన్నిచోట్లా ప్రభువే. కుంఫిణీ వచ్చాక ఈ మాట తెల్లవాళ్లకు అంటుకుంది. కలెక్టరు దొర, పాదిరి దొర అన్నాం. దొరతనం అంటే ఏకంగా ప్రభుత్వమే అయింది. తెలంగాణలో అదే మాట గడీలో చేరి జనం చేత ‘నీ బాంచెన్’ అనిపించుకుంది. ఒక మనిషి మీద ఇంకో మనిషి ఎంత ఎత్తున నిలబడ్డాడో చెప్పడానికి ఇంతగా పనికొచ్చిన మాట తెలుగులో మరొకటి నాకు తోచదు.

1922 ఆగస్టులో చింతపల్లి పోలీసు ఠాణా మీద అల్లూరి సీతారామరాజు దళం పడింది. ఆయన వెంట గాం గంటందొర, మల్లుదొర సోదరులున్నారు. గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ పెట్టిన బాధలు పడ్డ కుటుంబం వాళ్లది. అవతల తెల్ల అధికారి రూథర్‌ఫర్డ్ దొర, ఇవతల గంటందొర. ఒకే మాట, ఎదురెదురుగా. 1924లో గంటందొర తుపాకీ గుళ్లకు నేలకొరిగాడు. పట్టుబడ్డ మల్లుదొరకు పడిన ఉరిశిక్ష యావజ్జీవంగా మారింది.

నన్ను ఎక్కువసేపు ఆపేది ఈ మల్లుదొర జీవితమే. దేశానికి తొలి సార్వత్రిక ఎన్నికలు జరిగినప్పుడు విశాఖపట్నం రెండు స్థానాల నియోజకవర్గం. అక్కడినుంచి లంకా సుందరంతో పాటు, ఇద్దరూ ఇండిపెండెంట్లుగానే, గాం మల్లుదొర 1952లో లోక్‌సభకు వెళ్లాడు. ఒకనాడు ప్రభుత్వం ఉరితీయబోయిన మనిషి, ప్రభుత్వాన్ని నిలదీసే సభలో సభ్యుడు. ఆయన పేరు చివరి దొరను ఏ సర్కారూ బిరుదుగా ఇవ్వలేదు, తీసుకోనూలేదు.

ఈ మాట కథలో సాలూరుకూ చోటుంది. అది గిరిజనులకు కేటాయించిన అసెంబ్లీ స్థానం. 2004లో అక్కడ జమీందారీ కుటుంబానికి చెందిన రాజేంద్ర ప్రతాప్ భంజ్‌దేవ్ గెలిచారు. ఓడిన పీడిక రాజన్నదొర కోర్టుకెక్కారు. గెలిచినాయన గిరిజనుడు కాదని తేలి, 2006లో రాజన్నదొరే ఎమ్మెల్యే అయ్యారు. సంస్థానపు దొరకూ, పేరులో దొరకూ మధ్య తగువు న్యాయస్థానంలో తెగింది. 2022లో రాజన్నదొర గిరిజన సంక్షేమ శాఖతో ఉప ముఖ్యమంత్రి అయ్యారు. పదవి ఎంత పెద్దదైనా, ఏజెన్సీలో గెలిచిన నాయకుణ్ణి నేను కొలిచేది మాత్రం భూమి విషయంలోనే.

అందుకే మళ్లీ అనంతగిరికి వస్తాను. ఈ మండలంలోని బొర్రా ప్రాంతపు గనుల లీజుల మీద సమత సంస్థ సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. తీర్పు 1997 జూలైలో వచ్చింది. షెడ్యూల్డు ప్రాంతంలో ఏ ‘వ్యక్తి’ అయినా గిరిజనేతరులకు భూమి బదలాయించకూడదని ఏజెన్సీలో అందరూ 1/70 అని పిలిచే చట్టం చెబుతోంది. ఆ వ్యక్తుల్లో ప్రభుత్వం కూడా ఉందని కోర్టు తేల్చింది. దొరతనం కూడా ఒక ఆసామీయే, దానికీ అదే కట్టడి. మంత్రి సంతకం పెట్టినా, కొండదొర పొలం పక్కనున్న సర్కారు భూమిని సైతం ప్రైవేటు కంపెనీకి లీజుకివ్వడానికి వీల్లేదు.