కేసు ఎవరిది?

నల్లగొండ పల్లెల్లో కేసు అంటే ముందు పోలీసు స్టేషను, తర్వాత కోర్టు, ఆ తర్వాత ఆసుపత్రి. యూనివర్సిటీలో అదే 'కేస్ స్టడీ'. ఒక మనిషినో ఊరినో సంఘటననో చుట్టూ ఉన్న పరిస్థితుల్లోంచి విడదీయకుండా లోతుగా చూడటం. మన పాఠ్యపుస్తకాలు దీన్ని 'వ్యక్తి అధ్యయనం' అన్నాయి. ఊరు కూడా కేసు కావచ్చు కదా, మరి వ్యక్తి ఎందుకొచ్చిందో! అసలు చిక్కు అది కాదు. కేసు అనగానే అది దేనికో ఒకదానికి కేసు అయి తీరాలి. పెద్ద విషయం ముందే సిద్ధంగా ఉంటుంది, మనిషి దానికి ఉదాహరణ.

చిట్యాల ఐలమ్మనే తీసుకుందాం. అప్పటి నల్లగొండ జిల్లా జనగామ తాలూకాలోని పాలకుర్తి ఆమెది. చాకలి కులం. ఆమె కౌలు పొలం మీద విసునూరు దేశ్‌ముఖ్ రామచంద్రారెడ్డి కన్ను పడింది. పంట ఎత్తుకుపోవడానికి అతను మనుషుల్ని పంపితే, సంఘం వాళ్లు అడ్డం నిలిచి ధాన్యాన్ని ఆమె ఇంటికి చేర్చారు. కోర్టు కేసులూ నడిచాయి. చరిత్ర రచనలో ఇదంతా చాలాకాలం భూస్వామ్య దోపిడీకి ఒక ఉదాహరణ, అంతే.

స్త్రీ శక్తి సంఘటన సభ్యులు అలాంటి స్త్రీల దగ్గరకు వెళ్లి వాళ్ల మాటల్లోనే జీవితాలు నమోదు చేశారు. ఐలమ్మ 1985లో చనిపోయింది. పుస్తకం 'మనకు తెలియని మన చరిత్ర' 1986లో వచ్చింది. అందులో మల్లు స్వరాజ్యం ఉంది, కమలమ్మ ఉంది. దళంతో అడవిలో ఉండగా కమలమ్మ తన పసిబిడ్డను వదులుకోవలసి వచ్చింది. ఈ దుఃఖాన్ని ఏ శీర్షిక కింద వేస్తాం? రైతాంగ పోరాటమా, మాతృత్వమా, పార్టీ క్రమశిక్షణా? ఏ ఒక్కదాని కిందా ఇమడదు. ఆమెను కేసుగా చూడబోతే మనకు అడ్డం వచ్చేది సరిగ్గా ఇదే.

పేర్లు మార్చి రాయడం పరిశోధనలో మర్యాద. దేవరకొండ తండాల తల్లుల గురించో, పాలమూరు వలస కూలీల గురించో రాసేటప్పుడు అది రక్షణ కూడా, కాదనను. కానీ ఐలమ్మ, కమలమ్మ, స్వరాజ్యం తమ పేర్లతోనే మాట్లాడారు. ఇంగ్లీషు అనువాదం 1989లో వచ్చింది. దాని పేరుకు అర్థం 'మేం చరిత్ర సృష్టిస్తూ ఉండేవాళ్లం' అని. అక్కడ 'మేం' అంటే పోరాడిన వాళ్లు. తెలుగు పేరులోని 'మనం' తెలియని వాళ్లం, అంటే రాసేవాళ్లం, చదివేవాళ్లం.