రాజోలిబండ మళ్ళింపు పథకము

రాజోలిబండ మళ్ళింపు పథకము (ఆర్.డి.ఎస్.) కర్ణాటక, తెలంగాణ రాష్ట్రాల ఉమ్మడి సాగునీటి పథకము. కర్ణాటకలోని రాయచూరు జిల్లా రాజోలిబండ వద్ద తుంగభద్ర నదిపై నిర్మించిన ఆనకట్ట నుండి 143 కిలోమీటర్ల ఎడమ కాలువ ద్వారా జోగులాంబ గద్వాల జిల్లాలోని గద్వాల, అలంపూర్ ప్రాంతాలకు నీరు అందుతుంది.

చరిత్ర

నిజాం పాలనలో ఈ పథకమును తలపెట్టినప్పుడు గద్వాల, అలంపూర్ తాలూకాలు రాయచూరు జిల్లాలోనే ఉండేవి. 1956 నవంబరు 1న రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణలో అవి ఆంధ్ర ప్రదేశ్‌లోని మహబూబ్ నగర్ జిల్లాలో చేరినవి. ఆనకట్ట, కాలువ తొలి భాగము మైసూరు రాష్ట్రములో మిగిలినవి. దీనితో ఒకే జిల్లాకు చెందిన కాలువ అంతర్రాష్ట్ర కాలువగా మారినది.

నీటి పంపకము

బచావత్ ట్రిబ్యునల్ ఈ పథకానికి 17.1 టి.ఎం.సి.లు కేటాయించినది. ఇందులో ఆంధ్ర ప్రదేశ్‌కు (2014 తరువాత తెలంగాణకు) 15.9, కర్ణాటకకు 1.2 టి.ఎం.సి.లు. తెలంగాణలోని నిర్ణీత ఆయకట్టు 87,500 ఎకరాలు. తుంగభద్ర జలాశయము నుండి నీటి విడుదలను 1953లో ఏర్పడిన తుంగభద్ర బోర్డు నియంత్రిస్తుంది.

సమస్యలు

ఆయకట్టులో అధిక భాగము తెలంగాణలో ఉండగా, ఆనకట్ట నిర్వహణ కర్ణాటక చేతిలో ఉన్నది. అందువలన కర్ణాటక భాగములో ఆధునికీకరణ పనులను ఆంధ్ర ప్రదేశ్ నిధులతో కర్ణాటక చేపట్టవలసి వచ్చినది. పూడిక, గండ్ల వలన కేటాయించిన నీరు కాలువ చివరనున్న అలంపూర్ రైతులకు పూర్తిగా చేరలేదు. ఈ లోటును తీర్చుటకు తెలంగాణ ప్రభుత్వము 2018లో తుమ్మిళ్ల ఎత్తిపోతల పథకమును చేపట్టినది.