ఇస్లాం, వర్తకం, అభివృద్ధి



పడమటి ఆసియా పాఠం చెప్పేటప్పుడు తరగతిలో ఎవరో ఒక పిల్లవాడు ఈ ప్రశ్న వేస్తూనే ఉంటాడు: "వాళ్ళ మతం వడ్డీ కూడదంటుంది కదండీ, అందుకేనా ఆ దేశాలు వెనకబడ్డాయి?" అదే బెంచీమీద కూర్చున్న ముస్లిం కుర్రవాడు తల వంచుకుంటాడు. ఆ ఇద్దరికీ చెప్పవలసిన సమాధానం ఒకటే. ఈ వేళ మీకూ అదే చెప్పదలచుకున్నాను.

ఇస్లాం పుట్టిన మక్కా వర్తకుల ఊరు. మహమ్మదు ప్రవక్త కూడా ఖదీజా అనే సంపన్నురాలి సరుకు తీసుకుని బిడారుతో వెళ్ళి వ్యాపారం చేసినవారే. 762లో పునాది పడిన బాగ్దాదు కొద్దికాలంలోనే ప్రపంచంలోని పెద్ద నగరాలలో ఒకటయింది. ఆనాటి వర్తకులకు 'ముదారబా' అనే ఒప్పందం ఉండేది. ఒకరిది సొమ్ము, మరొకరిది శ్రమ. లాభం వస్తే ముందు అనుకున్న వంతున పంచుకుంటారు, నష్టం వస్తే సొమ్ము పెట్టినవాడు భరిస్తాడు. దాదాపు ఇలాంటి ఒప్పందాన్నే ఇటలీ రేవుల వర్తకులూ వాడారు. మన వర్తకుల హుండీ చీటీ వంటి 'సుఫ్తజా' కూడా వారికి ఉండేది. మతమే అడ్డయితే ఈ వైభవం ఎలా వచ్చిందో ఆలోచించండి.

ఇక వడ్డీ సంగతి. మధ్యయుగాలలో క్రైస్తవ మతాధికారులూ వడ్డీని నిషేధించారు. రెండుచోట్లా వర్తకులు దారులు వెతుక్కున్నారు. 16వ శతాబ్దపు తుర్కీ సామ్రాజ్యంలో, అంటే ఒట్టోమన్ సుల్తానుల కాలంలో, ధర్మనిధుల డబ్బునే వడ్డీకి తిప్పేవారు. దానిని కొందరు పండితులు తీవ్రంగా ఖండించారు, కాని సామ్రాజ్యపు ప్రధాన ధర్మాధికారి ఎబుస్సూద్ సమర్థించాడు. కనుక చిక్కుముడి వడ్డీ దగ్గర లేదు.

మరి ఎక్కడుంది? తిమూర్ కురన్ అనే ఆర్థిక శాస్త్రవేత్త దాన్ని వారసత్వ చట్టంలోనూ, భాగస్వామ్య నియమాలలోనూ చూపించాడు. ఒక చిన్న లెక్క వేద్దాం. ఒక వర్తకుడు భార్యనూ, ముగ్గురు కొడుకులనూ, ఇద్దరు కూతుళ్ళనూ విడిచి చనిపోయాడు. ఇస్లాం ధర్మశాస్త్రం ప్రకారం ఆస్తిలో భార్యకు ఎనిమిదో వంతు. మిగిలినదాన్ని ఎనిమిది పాళ్ళు చేసి కొడుకుకు రెండు, కూతురుకు ఒకటి చొప్పున పంచాలి. వీలునామా రాసినా మూడో వంతు ఆస్తికి మించి చెల్లదు. 7వ శతాబ్దంలో భార్యకూ, కూతురుకూ తప్పనిసరి వాటా ఇచ్చిన ఈ న్యాయం సామాన్యమైనది కాదు. మన దేశంలో హిందూ ఆడపిల్లలకు సమాన వాటా 1956 చట్టంతో మొదలై 2005 సవరణతో గానీ పూర్తి కాలేదు.

అయితే ఈ న్యాయానికి ఎవరూ కోరని ఫలితం ఒకటి వచ్చింది. భాగస్వాముల్లో ఒకరు చనిపోతే ఒప్పందం రద్దవుతుంది. వారసులు ఆరుగురూ తమ వాటా అడగవచ్చు. అందుచేత వర్తకులు ఇద్దరు ముగ్గురితో, కొద్దికాలానికి మాత్రమే జతకట్టేవారు. వ్యాపారం ఒక తరం దాటి పెరగడం కష్టమయింది.

ఈ సమయంలోనే ఐరోపాలో కొత్తరకం సంస్థలు వచ్చాయి. 1600లో ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ, 1602లో డచ్చి కంపెనీ పుట్టాయి. వాటాదారు చనిపోయినా కంపెనీ చనిపోదు. మన మచిలీపట్నం రేవు ఈ తేడాను కళ్ళారా చూసింది. గోల్కొండ మంత్రి మీర్ జుమ్లా స్వయంగా వజ్రాల వర్తకుడు, ఓడల యజమాని. 1663లో ఆయన పోయాక ఆ వ్యాపారాన్ని నిలబెట్టే సంస్థ లేదు. అదే రేవులో వర్తకం చేసిన డచ్చి కంపెనీ 1799 దాకా బతికింది.

ఆస్తి చెదరకుండా ఉంచే దారి ఒకటి ఉండేది. అది వక్ఫు. వక్ఫు సొమ్ముతో ఆసుపత్రులు, మదర్సాలు, చలివేంద్రాలు నడిచాయి. అయితే దాత రాసిన షరతు మార్చడం చాలా కష్టం. కాలం మారినా ఆ ఆస్తి కొత్త పనికి మళ్ళలేదు.

వెనకబాటుకు ఇదొక్కటే కారణమని అనను. సముద్రమార్గాలు మారడం, యుద్ధాలు, పరాయి పాలన అన్నీ ఉన్నాయి. కాని చట్టం మారాక ఏం జరిగిందో గమనించండి. 1850లో ఒట్టోమన్ ప్రభుత్వం ఫ్రెంచి నమూనాలో వాణిజ్య చట్టం తెచ్చింది. మరుసటి ఏడాదే ఇస్తాంబుల్‌లో జలసంధి మీద పడవలు నడిపే వాటాల కంపెనీ వెలిసింది. మనుషులు మారలేదు, మతం మారలేదు. చట్టం మాత్రమే మారింది.

మలేసియాది మరో దారి. వడ్డీ పాపమని అక్కడి గ్రామీణులు హజ్ యాత్ర కోసం కూడబెట్టిన సొమ్మును బ్యాంకులో వేయక ఇంట్లోనే దాచేవారు. కొందరు యాత్ర కోసం పొలాలు, పశువులు అమ్ముకునేవారు. ఉంకు అజీజ్ అనే ఆర్థిక శాస్త్రవేత్త 1959లో ఒక ఆలోచన చెప్పాడు. వడ్డీ లేకుండా, ఆ పొదుపును వ్యాపారాలలో పెట్టి లాభం పంచే సంస్థ కావాలన్నాడు. అది 1963లో పని మొదలుపెట్టింది. ఆ నియమమే పేదవాడి సొమ్మును పెట్టుబడిగా మార్చింది. అదే సంస్థ నష్టాల్లో పడితే 2018లో ప్రభుత్వం ఆదుకోవలసి వచ్చింది. పేరు పవిత్రమైనా లెక్కలు సరిగా చూడక తప్పదు.

తల వంచుకున్న ఆ కుర్రవాడు తల ఎత్తవచ్చు. ప్రశ్న వేసిన పిల్లవాడికి చెప్పేది కూడా ఉంది. ఒక కాలానికి మేలు చేసిన నియమం మరో కాలానికి చాలకపోవచ్చు. అది ఏ మతంవారి ఇంట్లోనైనా జరుగుతుంది. నియమాన్ని సరిచూసుకున్నవారు ముందుకు వెళ్ళారు. పొరుగువాడి దేవుణ్ణి తప్పుపట్టేముందు మన ఇంటి నియమాలనూ ఒకసారి తిరగేసి చూసుకుందాం.