నొప్పులకు మందు పెట్టే రోజు

ఆటో దిగి, నడుము మీద ఓ చెయ్యి వేసుకుని ఆస్పత్రి మెట్లెక్కుతున్నావు. గేటు దగ్గర సెక్యూరిటీ ఆమె నీ ముఖంలోకి చూసి అడుగుతుంది.

"నొప్పులొస్తున్నయా బిడ్డా?"

లేవంటావు.

"ఉమ్మనీరు పోతున్నదా?"

అదీ లేదు.

"మరెందుకొచ్చినవ్?"

ఆమె అడిగినదాంట్లో తప్పేమీ లేదు. కరీంనగర్ చుట్టుపక్కల ఊళ్ళలో పురుడంటే తెలిసినవి రెండే దార్లు. నొప్పులొచ్చి అర్ధరాత్రి 102 బండిలో పరుగెత్తడం ఒకటి, పంతులు చెప్పిన గడియకు ఆపరేషన్ చేయించుకోవడం రెండోది. నీకు నొప్పులూ లేవు, ముహూర్తమూ లేదు. మందు పెట్టి నొప్పులు తెప్పిస్తాం, పొద్దున్నే వచ్చి చేరమన్నారు. వచ్చావు.

ఆఖరి నెలసరి నుంచి లెక్కేస్తే 280 రోజులు నిండి ఇంకో వారం గడిచింది, అంటే 41 వారాలు. బిడ్డ బాగానే కదులుతోంది. స్కానింగులో ఉమ్మనీరు 7 సెంటీమీటర్లుంది, 5కు దిగితే కంగారు పడాలట. అయినా డాక్టరమ్మ ఇక ఆగుదామనలేదు. రోజులు మీరేకొద్దీ మాయ బలం తగ్గి బిడ్డకు అందాల్సింది సరిగ్గా అందకపోవచ్చు. 41 నిండాక నొప్పులు తెప్పించమని ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా చెబుతోంది. బీపీ, షుగరు ఉన్నవాళ్ళకైతే అంతకంటే ముందే పిలుస్తారు.

వార్డులో నీ మంచం కిటికీ పక్కన. అమ్మ సంచి విప్పుతోంది. ఉతికి ఎండబెట్టిన పాత నూలు చీర ముక్కలు, ముందు జిప్పున్న నైటీలు రెండు, ప్యాడ్లు, వేడినీళ్ళ ఫ్లాస్కు, జారని రబ్బరు చెప్పులు, ఫోను చార్జరు. బిడ్డకు కొత్త బట్టలు మాత్రం లేవు, పుట్టకముందే కొనొద్దని అత్తమ్మ ఆజ్ఞ. అడుగున ఓ ప్లాస్టిక్ కవరులో మాతాశిశు కార్డు, స్కానింగు రిపోర్టులు, రక్తం గ్రూపు కాగితం, ఆధార్, బ్యాంకు పాసుబుక్కు జిరాక్సు. నన్నడిగితే ఆ కవరుదే పెద్దపీట. అర్ధరాత్రి రక్తం అవసరం పడ్డప్పుడు గ్రూపు కాగితం కోసం సంచి మొత్తం కుమ్మరించడం కన్నా, దాన్ని మొదటి రోజే సిస్టర్ చేతికిచ్చేయడం మేలు.

సిస్టర్ కేస్ షీట్ రాసుకుంటూ అడుగుతుంది. మొదటి కాన్పేనా? కడుపు కోసిన ఆపరేషన్ ఏదైనా అయిందా? ఉబ్బసముందా? ఊరికే అడగడం లేదు. గర్భసంచి మీద పాత కుట్టుంటే కొన్ని మందులు అసలు వాడరు, కుట్టు విచ్చుకునే ప్రమాదం ఉంటుంది. తర్వాత గోళ్ళ రంగు తుడిచేయమంటుంది. వేలికి పెట్టే మిషన్ ఆక్సిజన్‌ను సరిగ్గా చదవాలి కదా. క్యాన్యులా గుచ్చడానికి ఎడమ చేతి గాజులు తీయమంటే అమ్మ ఒప్పుకోదు. నిండు చూలాలు ఒట్టి చేత్తో ఉంటుందా? చివరికి పసుపు దారం దగ్గర రాజీ కుదురుతుంది.

కడుపు మీద రెండు బెల్టులు బిగిస్తారు. గది నిండా బిడ్డ గుండె చప్పుడు. 138, 142, 150. నిమిషానికి 110 నుంచి 160 లోపు ఉంటే మంచిదే. బిడ్డ కదిలినప్పుడల్లా నొక్కమని చేతికో బటన్ ఇస్తారు. కాగితం మీద గీత ఇరవై నిమిషాల పాటు సాగుతూనే ఉంటుంది.

ఇక లోపలి పరీక్ష. మిడ్‌వైఫ్ వస్తుంది. నర్సులకు మిడ్‌వైఫ్ శిక్షణ తెలంగాణలో 2017లో మొదలైంది కరీంనగర్‌లోనే. ముందు నీ అనుమతి అడుగుతుంది, నోటితో నెమ్మదిగా గాలి వదలమంటుంది. నొప్పి ఉండదని అబద్ధం చెప్పదు. గర్భసంచి ముఖద్వారం ఎంత తెరుచుకుంది, ఎంత పలచబడింది, ఎంత మెత్తబడింది, ఎటు తిరిగి ఉంది, బిడ్డ తల ఎంత దిగింది అని చూసి, ఈ ఐదింటికీ మార్కులు వేస్తుంది. 1964లో బిషప్ అనే అమెరికా డాక్టరు పెట్టిన లెక్క ఇది, మొత్తం 13 మార్కులు. నీకు మూడే వచ్చాయి.

"ముక్కు కొసను ముట్టుకో" అంటుందామె. ముట్టుకుంటావు. "ఇప్పుడు పెదవి. నీది ముక్కు లెక్క గట్టిగున్నది. పెదవి లెక్క మెత్తగ కావాలె. అప్పటిదాంక నొప్పులకు తొందర పెట్టం."

ఫ్రిజ్‌లోంచి తీసిన సన్నటి సిరంజిలో జెల్. లోపల చల్లగా తగులుతుంది, అంతే. అరగంట కదలకుండా పడుకోమని, మళ్ళీ బెల్టులు పెట్టి చూసి, లేచి తిరగమంటారు. ఇడ్లీ తినొచ్చు, మజ్జిగ తాగొచ్చు. ఆరు గంటల తర్వాత మళ్ళీ చూస్తారు.

ఆ ఆరు గంటలకు ఎవరూ సిద్ధంగా లేరు. అత్తమ్మ గంటకోసారి మీ ఆయనకు ఫోను చేస్తోంది. "అయిందా? ఇంక కాలేదా? రేపు పగటీలి దాంక నక్షత్రం మంచిగున్నదట." జెల్‌కు నక్షత్రాలు తెలియవని మీ ఆయన ఎలా చెబుతాడు? సాయంత్రమయ్యేసరికి నీకు కడుపులో నెలసరి నాటి లాగుడు తప్ప ఏమీ లేదు. పొద్దున నీ తర్వాత వచ్చిన పక్క మంచం ఆమె కని, బిడ్డతో వేరే వార్డుకు వెళ్ళిపోయింది. అమ్మ వరండాలో మిడ్‌వైఫ్‌ను ఆపేసింది. "ఎంతసేపు సూడాలె మేడం? పిల్ల సతాయించబడుతున్నది. ఆపరేషన్ చేసుడే మంచిది గదా?"

నిజానికి నువ్వు వదినతో చింతపండు పులిహోర గురించి మాట్లాడుతున్నావు. సతాయింపు పడుతున్నది అమ్మ.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కల్లో తెలంగాణలో నూటికి 60.7 కాన్పులు ఆపరేషన్లే. దేశంలోకెల్లా ఎక్కువ. ప్రైవేటు ఆస్పత్రుల్లోనైతే 80 దాటాయి. ఇందులో డాక్టర్ల వాటా ఎంతో వాళ్ళనే అడగాలి. తలుపు బయట నిలబడ్డ వాళ్ళ తొందర వాటా కూడా తక్కువేం కాదు. మూడు మార్కుల దగ్గర మొదలైన తొలి కాన్పుకు రాత్రీ పగలూ గడవడం మామూలే, మందు పనిచెయ్యలేదని కాదు. ఈ ముక్క చేరే ముందురోజే ఇంట్లో అందరినీ కూర్చోబెట్టి చెప్పాల్సింది.

మిడ్‌వైఫ్ మాత్రం విసుక్కోదు. బిడ్డ గుండె మంచిగున్నది, తల్లి మంచిగున్నది, టైమున్నది అని మూడు ముక్కల్లో చెప్పి, రాత్రికి రెండో జెల్ పెడుతుంది. నిద్రపొమ్మంటుంది. నువ్వు పోతావు కూడా.

తెల్లవారుజామున మళ్ళీ చూసి నవ్వుతుంది. ఎనిమిది మార్కులు. మూడు వేళ్ళ వెడల్పు తెరుచుకుంది. ఇప్పుడు డ్రిప్పు పెడతారు. సీసా మీద పేరు చదివిన అమ్మ ఉలిక్కిపడుతుంది. "ఆక్సిటోసినా? బర్రెలు పాలు చేపనీకి పొడుస్తరు, గదేనా?"

అదే. చాటుమాటుగా కొట్టాల్లో పొడిచి చెడ్డపేరు తెచ్చారు గానీ, నీ మెదడు కింది గ్రంథి నుంచి వచ్చేదీ అదే. 1953లో విన్సెంట్ డు విగ్నోడ్ అనే రసాయన శాస్త్రవేత్త దాన్ని ప్రయోగశాలలో తయారుచేశాడు, రెండేళ్ళకు నోబెల్ వచ్చింది. ఇక్కడ పంపు మీద అంకె చాలా చిన్నగా మొదలై, అరగంటకోసారి కొంచెం కొంచెం పెరుగుతుంది. పది నిమిషాల్లో మూడు నాలుగు నొప్పులు రావాలి. ఐదు దాటితే తగ్గిస్తారు, బిడ్డ గుండె తేడా చేస్తే ఆపేస్తారు. అందుకే బెల్టులు ఇక విప్పరు.

మొదటి అసలు నొప్పి నడుములో మొదలై ముందుకొచ్చి, మంచం రాడ్డు పట్టుకునేలా చేసి పోతుంది. రెండోది రాకముందే సిస్టర్ తలుపు దగ్గరకెళ్ళి పిలుస్తుంది. "లేబర్ రూములకు తోడు ఒక్కరే రావాలె, ఆడోళ్ళు. ఎవరొస్తరు?"

అమ్మ అప్పటికే కొంగు దోపుకుని నిలబడింది. నువ్వు ఆలోచించుకునే ఉన్నావు. నువ్వు మూలిగితే అమ్మ నీకంటే ముందు ఏడుస్తుంది. వదిన ఇద్దర్ని కన్నది.

"వదినను రమ్మనండి."

అమ్మ ముఖం చిన్నబోతుంది. ఏదో అనబోయి ఆగి, లోపలికొస్తున్న కోడలి భుజం పట్టుకుంటుంది. "అది ఎంత మొత్తుకున్నా నువ్వు ఆపరేషన్ మాట ఎత్తకు. వాళ్ళు సూసుకుంటరు."